స్టూడ్‌బేకర్ వాడి ఎడమకాలు

సౌత్ బెండ్ ఊళ్ళో, పడమటి వాడలో, మనిషి ఎలాంటివాడో తెలియాలంటే ఏ కారు నడుపుతున్నాడో చూస్తే చాలుననుకునే రోజులవి. స్టూడ్‌బేకర్ నడిపితే మనవాడు. ఇంకేది నడిపినా చుట్టపుచూపుగా వచ్చినవాడో, దారి తప్పి వచ్చినవాడో అయి ఉండాలి. హంగేరీ నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్ళవి. చర్చిలో పూజ హంగేరియన్‌లో జరిగేది, ఆదివారం మధ్యాహ్నం ఏ ఇంటి కిటికీ దగ్గర నిలబడ్డా ఎర్ర మిరప్పొడి వేసి ఉడికిస్తున్న కోడికూర వాసన వచ్చేది. ఇంటి ముందు నిలబెట్టిన కారు మాత్రం అందరిదీ ఒకటే కంపెనీది. పెళ్ళిచూపుల్లో సైతం, కుర్రాడు ఆ కంపెనీ ఫ్యాక్టరీలో ఏ విభాగమని అడిగాకే మిగతా సంగతులు.

డెజో కెర్తేజ్‌ది బ్రేకుల విభాగం. ముప్పై ఒక్కేళ్ళు. 1963 డిసెంబరులో, క్రిస్మస్ ఇంకా రెండు వారాలుందనగా, కంపెనీ ఊళ్ళో ఫ్యాక్టరీ మూసేసింది. అప్పటికి డెజోకి యాభై ఏడేళ్ళు. భార్య ఇలోన్క పోయి నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు. పదకొండు నెలలు గడిచాయి గాని ఇప్పటికీ పొద్దున్నే అయిదింటికి మెలకువ వస్తుంది. లేచి, రెండు రొట్టెముక్కల మధ్య సాసేజీ పెట్టుకుని, టిఫిన్ డబ్బాలో సర్దుకుంటాడు. సర్దాక వెళ్ళే చోటు లేదు కాబట్టి వంటింట్లోనే కూర్చుంటాడు. సరిగ్గా పన్నెండు కొట్టాక డబ్బా మూత తీసి, అక్కడే తింటాడు. ప్లేటులో పెట్టుకుని తినొచ్చు కదా అని ఎవరైనా అడిగేవారు, అడగడానికి ఎవరైనా ఉంటే.

ఒకళ్ళు ఉండేవారు. ఎదురింటి మార్గిత్ పింటర్. ఆమె భర్త పిష్తా బ్రేకుల విభాగంలోనే డెజో పక్కన ఇరవై ఆరేళ్ళు నిలబడి పని చేశాడు, రెండేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. నలుగురుగా ఉన్న ఆదివారం భోజనం అలా ముగ్గురైంది, తర్వాత ఇద్దరైంది. ఇద్దరైనా మార్గిత్ మానలేదు. చర్చి నుంచి వస్తూ, "కూర ఎక్కువైంది, వచ్చి తినిపో, లేకపోతే పారెయ్యాలి" అనేది. ఎప్పుడూ ఎక్కువయ్యేది కాదని డెజోకి తెలుసు. అయినా ప్రతివారం ఆ మాట నమ్మినట్టే వెళ్ళేవాడు.

ఫ్యాక్టరీ మూతపడ్డ మరుసటి నెలలో మార్గిత్ ఊరికే ఆగిపోతున్న పాత కారు అమ్మేసి, వేరే కంపెనీ కారు కొని తెచ్చి ఇంటి ముందు పెట్టింది. నీలం రంగుది. ఆమె ఆసుపత్రిలో ఆయాగా పని చేస్తుంది, మంచులో బస్సు కోసం నిలబడలేదు. క్లీవ్‌లాండ్‌లో ఉన్న పిష్తా తమ్ముడు ఎవరి దగ్గరో చూసి కుదిర్చి పెట్టిన కారది. ఇవన్నీ డెజోకి తెలుసు. తెలిసి కూడా ఆరోజు నుంచి ఆమెతో మాట్లాడ్డం మానేశాడు. కెనడాలో ఇంకా స్టూడ్‌బేకర్లు తయారవుతూనే ఉన్నాయి కదా, కొనాలనుకుంటే అది కొనొచ్చు కదా, పిష్తా ఉంటే ఇలా జరిగేదా అని అతని వాదన. వాదన ఎవరికీ చెప్పలేదు, తనలో తనే గెలిచేశాడు. ఆ నీలం కారు కంట పడకుండా వీధి తలుపు వాడటం మానేసి, వెనక సందులోంచి రాకపోకలు పెట్టుకున్నాడు. వీధి వైపు గదిలో కూర్చోవడం కూడా మానుకున్నాడు. రెండు ఆదివారాలు మార్గిత్ పిలిచింది. మూడో ఆదివారం పిలవలేదు.

అలక మొదటి నెలలో రుచిగానే ఉంటుంది. మార్చి దాటాక డెజోకి అందులో రుచి పోయింది. ఏప్రిల్లో వెళ్ళి తలుపు తడదామనుకున్నాడు. తట్టాక ఏమనాలి? తప్పైందనాలా? తప్పు నాదా, కారు కొన్నది తనా, అనుకుని మళ్ళీ టిఫిన్ డబ్బా ముందు కూలబడ్డాడు. ఎండాకాలం వెళ్ళిపోయింది, ఆకులు రాలాయి. మనిషి గొంతు వినాలంటే అతనికి రేడియోనే గతి.

అలాంటప్పుడు నవంబరులో రొట్టెల ఉద్యోగం సంగతి తెలిసింది. మెక్‌గ్రాడీ బేకరీ వాళ్ళకి ఇంటింటికీ రొట్టె వేసే డ్రైవరు కావాలట. అర్జీ పెట్టడానికి వెళ్తే, పడమటి వాడ ఖాతాదారుల పట్టిక చేతికిచ్చి వీధులు తెలుసా అని అడిగారు. అరవై రెండు గుమ్మాలు. డెజో వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాడు. ముప్పై నాలుగో పేరు పింటర్. వారానికి మూడు రోజులు, నల్ల రొట్టె ఒకటి.

ఆ పేరు దగ్గర వేలు ఆగిపోయింది. రొట్టెలవాడు గుమ్మం ఎక్కక తప్పదు. ఎక్కి గంట కొట్టాలి, ఆమె తలుపు తియ్యాలి, రొట్టె అందుకోవాలి, రేపు ఎండగా ఉంటుందనో, మంచు పడేలా ఉందనో ఏదో ఒకటి అనాలి. క్షమాపణ లేదు, పంతం పోయిందన్న మాట లేదు, ఉద్యోగ ధర్మం అంతే. మూడో రోజుకో నాలుగో రోజుకో, కూర ఎక్కువైందని ఆమె అనకపోతుందా? డెజోకి ఆ ఉద్యోగం కావాలి. జీతం ఎంతో అడగటం కూడా మర్చిపోయాడు. ముప్పై నాలుగో గుమ్మం కావాలి అతనికి.

నడిపి చూపించే పరీక్ష గురువారం పొద్దున. దానికి ముందు రోజు, ఇప్పుడు బడిలో నేల తుడుస్తున్న పాత స్నేహితుడు ఫెరి ఒక సలహా ఇచ్చాడు. నీ కారేసుకుని వెళ్ళకు అన్నాడు. ఊళ్ళో దొరలకి స్టూడ్‌బేకర్ మనుషులంటే ముసలివాళ్ళు, కొత్త పని నేర్చుకోరు, ఊరికే యూనియన్ మాటలు మాట్లాడతారు అని పేరు పడిపోయిందట. కారు చూడగానే కాగితం పక్కన పడేస్తారట. డెజో ఆ రాత్రంతా తిట్టుకున్నాడు. పొద్దున లేచి, తుడిచి మెరిపించి పెట్టుకున్న సొంత కారుని షెడ్డులోనే వదిలి, రెండు మైళ్ళు నడిచి బేకరీకి వెళ్ళాడు. మార్గిత్ కారు గుర్తొచ్చి దారిలో ఒకచోట కాస్త సిగ్గేసింది గాని, ఎక్కువసేపు కాదు.

పరీక్ష పెట్టేవాడు హార్లన్ అని, ముప్పై ఏళ్ళు దాటని మేనేజరు. నోట్లో చూయింగ్ గమ్, ఒళ్ళో కాగితాలు. వ్యాను ఖాళీది, వెనక రొట్టెలు పెట్టే ఇనప అరలు గలగలలాడుతున్నాయి. డెజో మొదటి అరగంట పెళ్ళికొడుకులా నడిపాడు. మలుపుల్లో చెయ్యి చూపించాడు, ముసలమ్మ రోడ్డు దాటితే ఆగి టోపీ ఎత్తాడు. హార్లన్‌కి తప్పు పట్టడానికేమీ దొరక్క విసుగేసి, కబుర్లలోకి దిగాడు. ఎక్కడ పని చేసేవారు అన్నాడు. డెజో అబద్ధం చెప్పలేకపోయాడు.

"ఓహో," అన్నాడు హార్లన్, గమ్ నములుతూ. "ముందేదో వెనకేదో తెలీని కారు చేసింది మీరే కదూ? మా నాన్న ఒకటి చూసి, ఇది వస్తోందా పోతోందా అని అడిగేవాడు."

యుద్ధం అయిపోయాక వచ్చిన ఆ కారుకి వెనక అద్దం కూడా ముందు అద్దంలా వంపు తిరిగి ఉండేది. దేశమంతా ఆ హాస్యమే ఆడింది. ఊరివాళ్ళకి మాత్రం ఇన్నేళ్ళయినా చురుక్కుమంటుంది.

"తెలీకపోతే తప్పు కారుది కాదు బాబూ, చూసేవాడి కళ్ళది," అన్నాడు డెజో.

అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేదు. పదకొండు నెలలుగా మాట్లాడే మనిషి దొరకని నోరది. నదిమీద వంతెన దాటి, పడమటి వాడకి ఎక్కే ఎత్తు మొదలైంది. ఎత్తు చివర ఎర్రలైటు పడింది. డెజో వ్యాను ఆపి, మొదటినుంచీ అందుకున్నాడు. స్టూడ్‌బేకర్ అన్నదమ్ములు కమ్మరి కొలిమి పెట్టుకుని బళ్ళు చేసిన రోజులు, అంతర్యుద్ధంలో సైన్యానికి చేసిచ్చిన బళ్ళు, బంగారం తవ్వేవాళ్ళకి ఒక తమ్ముడు కాలిఫోర్నియాలో చేసి అమ్మిన తోపుడుబళ్ళు. గుర్రపు బళ్ళు చేసినవాళ్ళలో ఎంతమంది కార్ల దాకా వచ్చారో చెప్పు చూద్దాం అన్నాడు. హార్లన్ ఒళ్ళో కాగితాల మీదికి వంగి ఏదో రాసుకుంటూ ఊఁ కొడుతున్నాడు. డెజో కుడికాలు బ్రేకు మీంచి తీసి, సుఖంగా పక్కన పెట్టుకున్నాడు. ఎడమకాలు క్లచ్చి మీద గట్టిగా ఉంది.

అదీ అలవాటు. స్టూడ్‌బేకర్ కార్లలో హిల్ హోల్డర్ అని ఒకటుండేది. ఎత్తు మీద బ్రేకూ క్లచ్చీ రెండూ తొక్కి, తర్వాత బ్రేకు వదిలేసినా సరే, ఎడమకాలు క్లచ్చి మీద ఉన్నంతసేపూ కారు వెనక్కి జారదు. లోపల చిన్న ఉక్కు గోలీ ఒకటి వాలుకి దొర్లి బ్రేకుని పట్టి ఉంచుతుంది. ఆ గోలీ సరిగ్గా దొర్లుతోందో లేదో చూసి బిగించడమే ముప్పై ఒక్కేళ్ళలో ఇరవై ఏళ్ళు డెజో పని. పడమటి వాడలో డ్రైవింగ్ నేర్చుకున్న ప్రతివాడి ఎడమకాలికీ ఎత్తంటే భయం తెలీదు.

రొట్టెల వ్యాను స్టూడ్‌బేకర్ కాదు.

అది మెల్లిగా, చప్పుడు లేకుండా వెనక్కి జారింది. కథలో ఇంకా తోపుడుబళ్ళ దగ్గరే ఉన్న డెజో, వెనక ఏదో కదిలినట్టనిపించి ఎడమకాలితో ఇంకా గట్టిగా తొక్కాడు. స్టూడ్‌బేకర్ వాడు అదే చేస్తాడు మరి. దాంతో ఏం లాభం లేకపోయింది. వెనకున్న కారుకి వ్యాను తగిలి ఆగింది, అరలన్నీ ఒక్కసారి మోగాయి, ఎవరిదో హెడ్‌లైటు పగిలింది.

హార్లన్ దిగి వెనక్కి పరిగెత్తాడు. డెజో కదల్లేదు. పక్క అద్దంలో నీలం రంగు కనిపించింది. పడమటి వాడకి వెళ్ళాలంటే ఆ వంతెనే దిక్కు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగే వేళ అది. మార్గిత్, తెల్ల దుస్తుల మీద కోటు వేసుకుని, పగిలిన లైటు చూసుకుంది. తర్వాత నడుచుకుంటూ వ్యాను ముందుకి వచ్చి కిటికీలోంచి లోపలికి చూసింది. డెజో మొహం వైపు ఒక్క క్షణమే చూసింది. ఆమె చూపు కిందకి, అతని ఎడమకాలి మీదికి పోయింది. అది ఇంకా క్లచ్చిని నేలకి తొక్కిపెట్టే ఉంది. ఆమె పెదవి చివర వణికింది, నవ్వో ఏడుపో డెజోకి అర్థం కాలేదు.

అప్పుడామె హార్లన్ వైపు తిరిగి, తప్పు తనదేననీ, లైటు మారిందనుకుని ముందుకొచ్చి గుద్దేశాననీ చెప్పింది.

హార్లన్‌కి ఆ మాట సుఖంగానే ఉంది. ఆడవాళ్ళకి స్టీరింగిస్తే ఇంతే అని గొణిగి, ఆమె కారు నంబరు రాసుకోవడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ ఆగాడు. "కానీ మన బండే వెనక్కి వచ్చినట్టనిపించింది నాకు. అంతేనా, మిస్టర్ కెర్తేజ్?"

ఊరుకుంటే చాలు. పది నెలలుగా చేస్తున్న పనే కదా, మార్గిత్ ముందు నోరు మూసుకోవడం. ఊరుకుంటే ఉద్యోగం వస్తుంది, ముప్పై నాలుగో గుమ్మం వస్తుంది. డెజోకి అది ఎంత కావాలో అప్పుడే పూర్తిగా తెలిసింది. కాని హార్లన్ పెన్సిలు ఇంకా ఆమె నంబరు మీదే ఉంది. పిష్తా పెళ్ళాం లైటు చూసుకోవడం రాని మనిషని, ఈ గమ్ నమిలేవాడు కాగితం మీద రాసి పెట్టుకుంటున్నాడు. ఆ రాసింది రొట్టెతో పాటు మోసుకుంటూ ఆమె గుమ్మం ఎక్కడం అతని వల్ల కాదు.

"ఆవిడ కారు కదల్లేదు. నేనే వెనక్కొచ్చాను," అన్నాడు.

తర్వాత అంతా తొందరగా అయిపోయింది. ముప్పై ఏళ్ళు బ్రేకులు బిగించిన మనిషికి ఎత్తు మీద బండి ఆపడం రాదా అని హార్లన్ అడిగాడు. డెజో హిల్ హోల్డర్ గురించి చెప్పబోయాడు.

"ఫ్యాక్టరీకి తాళం వేసి ఏడాదవుతోందండీ," అన్నాడు హార్లన్, కోపం లేకుండానే. "మీ వాళ్ళు మాత్రం ఇంకా లోపలే ఉండిపోయారు."

లైటుకైన ఖర్చు బేకరీ ఇస్తుందని మార్గిత్‌కి చెప్పి, డెజో దగ్గరున్న పట్టిక తీసుకుని, తనే వ్యాను నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. డెజో రోడ్డు పక్కన నిలబడ్డాడు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి.

"ఎక్కు," అంది మార్గిత్. "నీ కారేది?"

"ఇంట్లో పెట్టొచ్చాను. అది చూస్తే పని ఇవ్వరన్నారు."

మార్గిత్ అవతలి తలుపు తెరిచి పట్టుకుంది. తిట్టినా బాగుండుననిపించింది డెజోకి. వేరే కంపెనీ కారులో అతను ఎక్కడం జీవితంలో అదే మొదటిసారి. సీటు బాగానే ఉంది. ఎదురుగా డాష్‌బోర్డు మీద, గాయాలకి అంటించే తెల్లటి ఆసుపత్రి టేపు ముక్క ఒకటి అంటించి ఉంది. దానిమీద సిరా పెన్నుతో హంగేరియన్‌లో రాసి ఉంది. చేతి బ్రేకు వెయ్యి మార్గిత్, అని.

"ఎవరు రాశారు?"

"ఎవరున్నారు రాయడానికి? నేనే." లైటు పచ్చగా మారింది. ఆమె చేతి బ్రేకు దించి, జాగ్రత్తగా ఎత్తు ఎక్కింది. "కారు కొన్న వారమే, ఈ ఎత్తు మీదే, ఇదే పని చేశాను. నీలాగే క్లచ్చి తొక్కిపట్టి కూర్చున్నా. వెనకున్నది ఎవరనుకున్నావు? చర్చి ఫాదర్ గారు. ఆయనకి బైబిలు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు పాపం, దిగి నన్ను దీవించాడు."

డెజోకి నవ్వొచ్చింది. పది నెలల్లో మొదటిసారి, పైకే నవ్వాడు.

"ఆ సాయంత్రమే నీకు చెప్పాలని వచ్చాను," అంది ఆమె. "ఊళ్ళో ఇంకెవరికి చెప్పినా నేను నడపడం రాని దాన్నంటారు. ఆ కాలు ఎందుకు అలా తొక్కిందో నీకొక్కడికే తెలుస్తుంది. పిష్తా లేడు కదా. తలుపు తట్టాను. నువ్వు లోపలే ఉన్నావు, రేడియో మోగుతోంది. నేను తట్టగానే ఆపేశావు."

డెజోకి ఆ సాయంత్రం గుర్తుంది. సంజాయిషీ చెప్పుకోవడానికి వచ్చిందిలే అనుకుని, తలుపు వెనకే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆమె మెట్లు దిగిపోయిన చప్పుడు విని, గెలిచినట్టే అనుకున్నాడు. ఇప్పుడు ఆమె పక్కన కూర్చుని ఆ సంగతి తలచుకుంటే తన మీద తనకే అసహ్యమేసింది. ఏదో ఒకటి అనాలి, ఇప్పుడే అనాలి అనుకున్నాడు. కారు వాళ్ళ వీధిలోకి తిరిగింది.

పది నెలల తర్వాత అతను తన ఇంటిని వీధి వైపు నుంచి చూస్తున్నాడు. మెట్ల మీద రాలిన ఆకులు ఎవరూ ఊడవలేదు. ఎదురుగా మార్గిత్ ఇంటి ముందు గడ్డిలో ఒక బోర్డు పాతి ఉంది. ఇల్లు అమ్మబడును అన్న అక్షరాల మీద అడ్డంగా అమ్ముడైపోయిందని ఎర్ర కాగితం అంటించారు. ఆ కాగితం కూడా వానకి తడిసి, ఎండకి వెలిసి ఉంది.

"ఇదెప్పుడు?" అన్నాడు డెజో.

"సెప్టెంబరులో పెట్టాను. నువ్వు చూళ్ళేదా?" ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. "క్లీవ్‌లాండ్‌లో మా చెల్లి ఒక్కతే ఉంటోంది. రమ్మని గొడవ. శనివారం వెళ్ళిపోతున్నా."

ఆరోజు గురువారం. డెజో బోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. కంపెనీ నూట పన్నెండేళ్ళ చరిత్ర ఊపిరి తీసుకోకుండా చెప్పగల నోటికి, వెళ్ళకు అనే ఒక్క మాట అందలేదు. అందిన మాట చెప్పాడు.

"ఈ ఉద్యోగం వచ్చుంటే, వారానికి మూడు రోజులు మీ గుమ్మంలోకి వచ్చేవాణ్ణి. పట్టికలో నీ పేరుంది. అందుకే అర్జీ పెట్టాను, మార్గిత్."

మార్గిత్ చేతి బ్రేకు లాగింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ముందు అద్దంలోంచి వీధిని చూసింది.

"ఎదురింట్లోనే ఉన్నాను కదయ్యా పది నెలలూ," అంది. "వీధి దాటి రావడానికి నీకు రొట్టె కావాలా?"